కొత్త తొట్టెలో తొలి ఆరు వారములు

కోల్‌కతా నగరంలో బాగ్‌బజారు చెంతనున్న గాలిఫ్ వీధి ఆదివారపు సంత రంగుచేపలకు పేరుపొందినది. ఋణము తీసికొని అటువంటి సంత నుండి చేపలు తెచ్చి అమ్మదలచినవారు తొట్టెను మొదటిరోజే నింపివేయరాదు. నీరు అద్దమువలె ఉన్నంతమాత్రాన చేపకు యోగ్యమైనదని భావించకండి. అసలు విషము కంటికి కనబడదు.

చేప తన మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తుంది. మిగిలిన మేత కుళ్ళినను అదే పుడుతుంది. పాత తొట్టెలో ఒక రకము బాక్టీరియా దానిని నైట్రైటుగాను, మరొక రకము ఆ నైట్రైటును హాని తక్కువైన నైట్రేటుగాను మార్చును. ఇవి ఫిల్టరు స్పాంజిని, గులకరాళ్ళను అంటిపెట్టుకొని జీవిస్తాయి. కొత్త తొట్టెలో ఇవి స్థిరపడుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు పట్టును.

చేపలు వేయకముందే తొట్టెను సిద్ధపరచుట ఉత్తమము. ఇప్పటికే వేసియున్నచో, గప్పీలవంటి గట్టి చేపలను కొద్దిగా మాత్రమే ఉంచి, మేతను సగానికి తగ్గించి, రోజు విడిచి రోజు నాలుగవవంతు నీటిని మార్చండి. కుళాయి నీటిలోని క్లోరిన్ చేపకూ బాక్టీరియాకూ హానికరము. అంగళ్ళలో దొరకు క్లోరిన్ విరుగుడు మందు కలిపిన పిమ్మటనే వాడవలెను. స్పాంజిని కుళాయి క్రింద కడుగరాదు. ఆరోగ్యముగానున్న పాత తొట్టె నుండి స్పాంజి ముక్క తెచ్చి పెట్టినచో గడువు బాగా తగ్గును.

చేపలు పైకి వచ్చి రొప్పుచున్నచో వెంటనే సగము నీటిని మార్చండి. లీటరుకు ఒక గ్రాము కల్లుప్పు నైట్రైటు విషమును అడ్డుకొనును. అమ్మోనియాకు అది విరుగుడు కాదు. పరీక్షలో రెండును సున్నాకు వచ్చి, కొన్ని రోజులు అట్లే నిలిచిన తరువాతనే తక్కిన చేపలకు సొమ్ము చెల్లించండి.