మడ అడవిలో కొత్త ఉద్యోగి

ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ కావాలంటే రాత పరీక్ష నెగ్గితే చాలదు. మగవాళ్లు 4 గంటల్లో 25 కిలోమీటర్లు నడిచి చూపించాలి. నల్లమల కొండలకు ఆ పరీక్ష సబబే. దివిసీమ మడ అడవిలో పోస్టింగు వచ్చినవాళ్లకు మాత్రం ఆ నడక అంతగా అక్కరకు రాదు. అక్కడ అడవిలోకి వెళ్లాలంటే పడవే దిక్కు. దిగితే మోకాటిలోతు బురద.

కృష్ణానది సముద్రంలో కలిసే చోట పాయల మధ్య పెరిగిన ఈ మడ అడవిని 1989లో కృష్ణా వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 194.81 చదరపు కిలోమీటర్లు. గుడివాడ వరిచేల మధ్య పెరిగిన కుర్రాడికి కాలవ నీళ్ల లెక్క తెలుసు. ఉప్పునీటి లెక్క వేరు. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. వాటి వేళ రోజూ ముప్పావు గంటకు పైగా ఆలస్యమవుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి పోటు జోరు, అష్టమికి నెమ్మది. పోటులో చిన్న పాయలోకి వెళ్లిన పడవ పాటు వచ్చేలోగా బయటపడకపోతే, మళ్లీ పోటు వచ్చేదాకా బురదలో కూర్చోవలసిందే.

తరువాత తెలుసుకోవలసింది చెట్ల సంగతి. తెల్లమడ ఆకును నాలుకకు తాకిస్తే ఉప్పగా తగులుతుంది, వేళ్లు పీల్చిన ఉప్పును ఆకు బయటికి పంపేస్తుంది మరి. ఉప్పుపొన్న గింజ చెట్టు మీదే మొలకెత్తి, పొడవాటి మొలకగా రాలి బురదలో దిగుతుంది. తిల్ల కొమ్మ విరిచేటప్పుడు జాగ్రత్త అవసరం. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

మొక్కలు నాటడమే అడవిని కాపాడటం అనుకుని వచ్చినవాళ్లకు ఇక్కడ అసలు పాఠం మట్టి చెబుతుంది. చెట్లు నరికేసిన చోట నేల ఎండకు కుంగి పళ్లెంలా గుంటపడుతుంది. పోటుకు వచ్చిన నీరు అందులో నిలిచి ఆవిరైపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. అలాంటి నేలలో ఎన్ని మొక్కలు నాటినా దండగ. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ కలిసి కృష్ణా, గోదావరి మడల్లో దీనికి విరుగుడు చేసి చూపించాయి. చేప ముల్లు ఆకారంలో మధ్యలో పెద్ద కాలవ, ఇరుపక్కలా ఏటవాలుగా పిల్ల కాలవలు తవ్వుతారు. పోటు నీరు లోపలికి వచ్చి, పాటుకు ఉప్పును కడుక్కుంటూ పోతుంది. మొక్కల్ని కాలవ గట్ల వాలులో నాటుతారు. పూడిక పడితే మళ్లీ తీయాలి. ఆ పని చూసుకోవడానికి మనిషి కావాలి, ఏళ్ల తరబడి కావాలి.

రాత్రి పని వేరే ఉంది. బావురు పిల్లి ఎక్కువగా చీకటి పడ్డాకే వేటకు దిగుతుంది, దాని మీద కన్నేసి ఉంచాలి. చట్టం దానికి పులితో సమానంగా ఒకటో షెడ్యూలు రక్షణ ఇచ్చింది. జనవరి వస్తే ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుంట తీసి, ఒక్కొక్కటి సుమారు వంద గుడ్లు పెడతాయి. నక్కలు, కుక్కలు తవ్వెయ్యకముందే ఆ గుడ్లను తీసి కంచె వేసిన హేచరీలో పూడుస్తారు. గుడ్డు ఎలా ఉన్నది అలాగే ఎత్తాలి. తిప్పితే లోపలి పిల్ల చచ్చిపోవచ్చు.

ఇవన్నీ కొత్తవాళ్లకు ఎవరు నేర్పుతారు? రాజమహేంద్రవరం దగ్గర దివాన్‌చెరువు అకాడమీలో చట్టం, సర్వే, కేసు రాయడం వస్తాయి. పాయల ఆనుపానులు మాత్రం నాగాయలంక, కోడూరు తీరంలోని మత్స్యకారులు, యానాదులు చెప్పాలి. వాళ్ల పిల్లలే వాచర్లుగా చేరినప్పుడు శాఖకు ఆ తెలివిడి చేరుతుంది.

ఈ అడవి విలువ బందరు వాళ్లకు చెప్పనక్కర్లేదు. 1864 తుపానులో ఆ ప్రాంతంలో దాదాపు 30 వేల మంది పోయారు. 1977 నవంబర్ 19 ఉప్పెన దివిసీమలో ఊళ్లకు ఊళ్లనే తుడిచిపెట్టింది. ఉప్పెన జోరును కొంతైనా తగ్గించగల మడను కాపాడేవాళ్లను తాత్కాలిక కూలీలుగా చూడటం తగదు. తీర గ్రామాల యువతకు ఈ కొలువుల్లో మొదటి చోటు, స్థిరమైన జీతం ఇవ్వాలి.