పొట్టి తూటా అంటే బలహీనమైన తూటా కాదు: రివాల్వర్‌లో ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు?

ఆర్డినెన్స్ కర్మాగారాలు లైసెన్సుదారులకు విక్రయించే చేతి తుపాకుల్లో .32 రివాల్వర్ ఉంది, .32 పిస్టల్ కూడా ఉంది. మెట్రిక్ లెక్కలో రెంటికీ రాసే సంఖ్య 7.65 మిల్లీమీటర్లే. పిస్టల్ తూటా రివాల్వర్ తూటా కంటే పొట్టిది. అనేక సందర్భాల్లో అది రివాల్వర్ చాంబర్‌లో అడ్డు లేకుండా దిగిపోతుంది. దిగినంత మాత్రాన దానిని పేల్చవచ్చా?

ఈ సందేహం ఊరక పుట్టినది కాదు. అమెరికాలో .357 మాగ్నమ్ రివాల్వర్ ఉన్నవారు అందులో .38 స్పెషల్ తూటాలు వాడడం దశాబ్దాలుగా సాగుతున్న ఆచారం. తయారీ సంస్థలే అందుకు అనుమతిస్తాయి. ధర తక్కువ, పేల్చినప్పుడు చేతికి తగిలే తన్ను తక్కువ, సాధనకు అనుకూలం. అక్కడా చాంబర్ పొడవు, తూటా పొట్టి, ఇక్కడా అంతే. అయినా మొదటిది సురక్షితం, రెండవది కాదు.

తూటా అంటే బుల్లెట్ ఒక్కటే కాదు. ఇత్తడి కేసు, అందులోని మందు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, కొసన బుల్లెట్ కలిస్తేనే తూటా. రివాల్వర్ తూటాకు కేసు అడుగున బయటికి పొడుచుకువచ్చిన అంచు ఉంటుంది. ఆ అంచు సిలిండర్ వెనుక భాగానికి ఆనుకొని తూటాను నిలుపుతుంది. కేసు మూతి ఎక్కడ ముగిసిందన్నదానితో ఆ నిలకడకు సంబంధం లేదు. అందువల్ల తూటా కొంత పొట్టిదైనా ముందుకు జారిపోదు, ప్రైమర్‌పై దెబ్బ సరిగానే పడుతుంది. ఆటోమేటిక్ పిస్టళ్లలో సంగతి వేరు. వాటిలో అధిక భాగం తూటాలు కేసు మూతి ఆధారంగానే నిలుస్తాయి గనుక అక్కడ ఈ సర్దుబాటుకు తావు లేదు.

.38 స్పెషల్ 1898 నాటిది. దాని కేసు పొడవు సుమారు 29.3 మిల్లీమీటర్లు. 1935లో వచ్చిన .357 మాగ్నమ్ కేసును దానికంటే సుమారు మూడున్నర మిల్లీమీటర్లు పొడిగించారు. ఎక్కువ మందు పట్టాలన్నది అందుకు ముఖ్య కారణం కాదు. కొత్త తూటా పాత రివాల్వర్లలో పట్టకుండా చేయడమే అసలు ఉద్దేశం. .38 స్పెషల్‌కు అమెరికా పరిశ్రమ ప్రమాణం నిర్దేశించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 17,000 పౌండ్లు కాగా, .357 మాగ్నమ్‌కు అది 35,000. ఆ రెట్టింపు పీడనానికి తట్టుకునే సిలిండర్‌లో పాత తూటా పేలితే ఇబ్బంది లేదు. పాత సిలిండర్‌లో కొత్త తూటా పేలితే సిలిండర్ చీలిపోవచ్చు. పేర్లలో .38, .357 అని వేరువేరుగా ఉన్నా రెండింటి బుల్లెట్ వ్యాసం ఒక్కటే. 1907 నాటి .44 స్పెషల్‌కు, 1950వ దశకంలో వచ్చిన .44 మాగ్నమ్‌కు మధ్య ఉన్న బంధుత్వమూ ఇటువంటిదే.

.32 పిస్టల్ తూటా, అంటే .32 ఏసీపీ, ఈ వంశంలోనిది కాదు. అది బ్రౌనింగ్ ఆటోమేటిక్ పిస్టల్ కోసం రూపొందించినది. కేసు పొడవు సుమారు 17 మిల్లీమీటర్లు. మన .32 రివాల్వర్లలో వాడే .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ కేసు పొడవు 23 మిల్లీమీటర్లకు పైనే. 2014లో కాన్పూర్ నుంచి వెలువడిన ‘నిర్భీక్’ కూడా ఈ తూటాకే తయారైంది. విచిత్రమేమిటంటే, రెండింటిలో పీడనం ఎక్కువగా ఉండేది పొట్టిదానికే. ఏసీపీ గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 20,500 పౌండ్లు, లాంగ్‌కు 15,000. అదీగాక ఏసీపీ కేసు అంచు చిన్నది, పలుచనిది. సిలిండర్‌లో దానికి దొరికే పట్టు అంతంతమాత్రమే. తయారీదారు స్పష్టంగా అనుమతిస్తే తప్ప ఈ రెండింటినీ కలపరాదు.

పీడనం సరిపోయినా లావు సరిపోవాలి. .22 లాంగ్ రైఫిల్ తూటా .22 మాగ్నమ్ చాంబర్‌లో దిగుతుంది గాని వదులుగా ఉంటుంది. పేలినప్పుడు పలుచని కేసు చుట్టూ ఆసరా లేక చీలి, వేడి వాయువు వెనుకకు తన్నవచ్చు. ఈ రెండు తూటాలకూ పనికివచ్చేలా అమ్మే రివాల్వర్లతో రెండు వేర్వేరు సిలిండర్లు ఇవ్వడానికి కారణం ఇదే.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటిష్, కామన్వెల్త్ సేనలకు అందిన .38 రివాల్వర్ల కథ మరింత బోధపరుస్తుంది. వాటి తూటా .38 ఎస్ అండ్ డబ్ల్యూ. స్పెషల్ కంటే పొట్టి, కొంచెం లావు. యుద్ధానంతరం వాటిలో అనేకం అమెరికాలో అమ్మకానికి వచ్చినప్పుడు, చాంబర్లను లోపలికి తొలిచి .38 స్పెషల్ పట్టేలా మార్చారు. పొడవు సరిపోయింది గాని వెనుక భాగం లావు అలాగే మిగిలింది. ఫలితంగా పేలిన కేసులు ఉబ్బడం, కొన్ని చీలడం మామూలైంది. మన దేశంలో ఇటువంటి మార్పుకు సాంకేతిక అభ్యంతరంతో పాటు చట్టపరమైన అభ్యంతరమూ ఉంది. ఆయుధాల చట్టం, 1959లోని 5వ సెక్షన్ ప్రకారం సంబంధిత లైసెన్సు లేనివారు తుపాకిని విక్రయానికే కాదు, మార్పుకూ మరమ్మతుకూ చేపట్టరాదు.

అనుమతి ఉన్న జంటలోనూ ఒక చిక్కు మిగులుతుంది. పొట్టి కేసు మూతికి ముందు చాంబర్ గోడపై ప్రతి పేలుడుకూ మసి, సీసం పేరుకొని కొంతకాలానికి గట్టి వలయంగా మారతాయి. ఆ తరువాత పొడుగు తూటా వేస్తే దాని మూతి సరిగ్గా ఆ వలయంలో ఇరుక్కుంటుంది. బొటనవేలితో నెట్టి సిలిండర్ మూసేవారున్నారు. ఇది మంచిది కాదు. పేలినప్పుడు కేసు మూతి విచ్చుకుని బుల్లెట్‌ను విడవాలి. వలయం దానిని బిగించి పట్టుకుంటే పీడనం అవసరానికి మించి పెరుగుతుంది. ఖాళీ కేసులు సులువుగా బయటికి రాకపోవడం తొలి హెచ్చరిక. పొట్టి తూటాలతో సాధన ముగిసిన రోజునే, సిలిండర్ తెరిచి ప్రతి చాంబరూ ఖాళీ అని కళ్లతో చూసుకున్న మీదట, ద్రావకంలో తడిపిన కంచు బ్రష్‌తో చాంబర్ ముందు భాగాన్ని తోమాలి. శుభ్రమైన చాంబర్‌లో పొడుగు తూటా తన బరువుకే పూర్తిగా దిగుతుంది. దిగకపోతే మళ్లీ తోమవలసిందే.