లక్క పట్టించిన కర్ర

యలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక 2022 దాకా విశాఖ జిల్లా ఊరే, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. అక్కడి బొమ్మలకు రంగు బ్రష్షుతో వేయరు. లేత్ మీద గిర్రున తిరిగే అంకుడు కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తి పట్టుకుంటారు. రాపిడి వేడికి లక్క మెత్తబడి కర్రను అంటుకుంటుంది. థిన్నర్ అక్కర్లేదు, ఆరేదాకా ఆగే పని లేదు. తర్వాత మొగలి ఆకుతో ఒత్తి రుద్దితే పొర సమంగా పరుచుకుని నిగనిగలాడుతుంది.

లక్క అంటే చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు స్రవించే జిగురు. మోదుగ, రేగు వాటికి ఇష్టమైన చెట్లు. అందులో ఎక్కువ భాగం రెసిన్, సుమారు 5 శాతం మైనం. రెసిన్ గట్టిదనాన్నిస్తే మైనం నునుపుకు, నీటిని తట్టుకోవడానికి తోడవుతుంది. ఏటికొప్పాక బొమ్మలకు పసుపు, నీలి వంటి సహజ రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. పసివాళ్ళు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు కదా, నా దృష్టిలో ఆ కృషి విలువంతా అక్కడే ఉంది.

విశాఖలాంటి సముద్రతీరంలో కర్ర గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఏ పూతా దీన్ని పూర్తిగా ఆపలేదు, నెమ్మదింపజేస్తుంది అంతే. అందుకే బల్ల చెక్కకు పైవైపే పూస్తే చాలదు. కింది వైపు తేమ వేగంగా పీల్చి చెక్క వంకర తిరుగుతుంది. రెండు వైపులా పూయాలి.

ఇంట్లోని టేకు కుర్చీకి తేనెమైనం చక్కగా సరిపోతుంది. అది 62–64 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి నేరుగా మంట మీద పెట్టకుండా, వేడినీళ్ళ గిన్నెలో మరో గిన్నె ఉంచి కరిగించండి. మూడు నాలుగు వంతుల అవిసె నూనె కలిపి, చల్లారాక నూలుగుడ్డతో పల్చగా రాయండి. కాసేపాగి మిగిలినదంతా తుడిచేయాలి. మందంగా వదిలేస్తే జిడ్డుగా ఉండి దుమ్ము పట్టేస్తుంది. నూనె గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. విప్పి ఆరుబయట ఆరేయండి.

వేడి గిన్నెలు దించే భోజనాల బల్లకు మైనం పనికిరాదు. ఇక లక్క బొమ్మల మీద శానిటైజర్ చల్లకండి, ఆల్కహాల్ లక్కను కరిగించేస్తుంది. తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తితే చాలు.