ఫోటోలో మనిషిని నేపథ్యం నుంచి వేరుచేయడం: మాస్క్ పద్ధతి

విశాఖపట్నం ఆర్.కె. బీచ్‌లో, ఉదయం ఏడు గంటలకు మీ అక్కను సముద్రం వైపు వీపు పెట్టి నిలబెట్టి ఫోటో తీశారనుకోండి. తూర్పు తీరం కాబట్టి ఆ వేళకు ఆకాశమంతా తెల్లగా మెరుస్తూ ఉంటుంది. గాలికి ఆమె జుట్టు కొద్దిగా చెదిరింది, ముఖం మాత్రం చక్కగా వచ్చింది. ఆమె కొత్తగా పెడుతున్న టైలరింగ్ షాపు ఫ్లెక్సీ మీద ఆ ఫోటోనే వేయాలి, వెనుక ముదురు నీలం రంగు ఉండాలి. ఫోన్‌లోని ఒక యాప్‌తో నేపథ్యాన్ని ఒక్క నొక్కులో తీసేశారు. ఫోన్ తెర మీద అంతా బాగానే కనిపించింది. ఆరడుగుల ఫ్లెక్సీగా ముద్రించాక చూస్తే జుట్టు చుట్టూ తెల్లటి గీత, ఎవరో కత్తెరతో కత్తిరించి అతికించినట్టుగా! ముద్రణ ఖర్చు పోయింది, షాపు ప్రారంభం రేపే. ఆ తెల్ల గీత ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మాస్కింగ్ అనే ప్రక్రియలో ముప్పాతిక భాగం అర్థమైనట్టే.

9.3 మాస్క్ అంటే ఏమిటి?

నేపథ్యాన్ని తొలగించడానికి రెండు దారులున్నాయి. ఒకటి, రబ్బరు సాధనంతో తుడిచివేయడం. తుడిచిన పిక్సెల్ ఇక తిరిగిరాదు. రెండవది, దాన్ని అలాగే ఉంచి పైన ఒక తెర కప్పడం. ఈ తెరే మాస్క్. నిజానికి మాస్క్ కూడా ఒక బొమ్మే. మీ ఫోటో ఎంత వెడల్పు, ఎత్తు ఉందో అదీ అంతే ఉంటుంది, కాని అందులో రంగులుండవు. తెలుపు ఉన్నచోట ఫోటో కనిపిస్తుంది, నలుపు ఉన్నచోట దాగిపోతుంది, బూడిద రంగు ఉన్నచోట సగం సగంగా కనిపిస్తుంది. సాధారణ 8 బిట్ల మాస్క్‌లో నలుపు (0) నుంచి తెలుపు (255) వరకు 256 స్థాయిలుంటాయి. తప్పు జరిగితే మాస్క్ మీద మళ్ళీ తెలుపు పూయండి, దాగినది తిరిగి వస్తుంది.

ఈ ఆలోచన కంప్యూటర్‌తో పుట్టింది కాదు. ‘రాముడు-భీముడు’ (1964) వంటి చిత్రాల్లో ఒకే ఫ్రేములో ఇద్దరు ఎన్.టి. రామారావులను మనవాళ్ళు చూశారు. ద్విపాత్రాభినయానికి ఆ కాలంలో వాడిన ఒక పద్ధతి ఇది: కెమెరా ముందు సగం భాగాన్ని నల్లటి అట్టతో మూసి ఒక పాత్రను చిత్రీకరిస్తారు. ఫిల్మును వెనక్కి చుట్టి, రెండో సగాన్ని మూసి రెండో పాత్రను చిత్రీకరిస్తారు. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా అతుకు బయటపడుతుంది. ఆ నల్ల అట్టే నేటి మాస్క్‌కు పూర్వరూపం అనుకోవచ్చు. డిజిటల్ బొమ్మలను ఇలా ఒకదానిపై ఒకటి కలిపే గణితాన్ని థామస్ పోర్టర్, టామ్ డఫ్ 1984లో ఒక పరిశోధన పత్రంలో క్రమబద్ధం చేశారు.

9.4 అంచులో జరిగేది

వెంట్రుక ఒక పిక్సెల్ కన్నా సన్నంగా ఉంటుంది. కాబట్టి అంచులోని ఒక పిక్సెల్‌లో కొంత జుట్టు, కొంత ఆకాశం కలిసి నమోదవుతాయి. ఆ పిక్సెల్‌లో జుట్టు వాటాను ‘ఆల్ఫా’ అంటారు. చిన్న లెక్క చేద్దాం. కాగితం, పెన్ను తీసుకోండి. లెక్క సులువుగా ఉండడానికి రంగుకు బదులు వెలుగును మాత్రమే తీసుకుంటున్నాం.

జుట్టు వెలుగు 40, ఆకాశం 220, పిక్సెల్‌లో జుట్టు వాటా 0.4 అనుకోండి. కెమెరా నమోదు చేసేది:

0.4 × 40 + 0.6 × 220 = 16 + 132 = 148

ఇప్పుడు కొత్త నేపథ్యం వెలుగు 60. నిజంగా ఆమె ఆ నీలం గోడ ముందే నిలబడి ఉంటే ఆ పిక్సెల్ 16 + 36 = 52 అయ్యేది. కాని యాప్ ఆ పిక్సెల్‌ను ‘ఇది జుట్టే’ అని పూర్తిగా ఉంచేసింది. అంటే 52 ఉండవలసిన చోట 148 ఉంది. ఫ్లెక్సీ మీది తెల్ల గీత అదే: బీచ్‌లోని ఆకాశం జుట్టును పట్టుకొని షాపు దాకా వచ్చింది.

సరే, మాస్క్‌లో సరైన బూడిద రంగు (0.4) వేస్తే చాలా? చాలదు. చాలామంది విద్యార్థులు ఇక్కడే ఆగిపోతారు. అప్పుడు వచ్చేది 0.4 × 148 + 0.6 × 60 = 95.2. గీత తగ్గింది, పోలేదు. ఎందుకంటే పిక్సెల్ రంగులోనే ఆకాశం కలిసి ఉంది. మాస్క్‌ను సరిచేయడంతో పాటు అంచు పిక్సెళ్ళ నుంచి పాత నేపథ్యపు రంగును కూడా తొలగించాలి. ఫోటోషాప్‌లోని ‘సెలెక్ట్ అండ్ మాస్క్’ విభాగంలో ‘డీకంటామినేట్ కలర్స్’ అనే ఐచ్ఛికం చేసే పని ఇదే. ఆ సౌకర్యం లేని చోట, అంచు మీద పక్కనున్న జుట్టు రంగును తక్కువ గాఢతతో చేత్తో పూయవచ్చు. విసుగు పుట్టించే పనే గాని ఫలితం బాగుంటుంది.

9.5 జింప్‌లో చేసి చూడడం

జింప్ ఉచితంగా లభించే సాఫ్ట్‌వేర్. ఫోటో తెరిచి ‘ఫోర్‌గ్రౌండ్ సెలెక్ట్’ సాధనంతో మనిషి చుట్టూ ఉజ్జాయింపుగా గీత గీయండి. ఎంటర్ నొక్కాక మనిషి మీద బ్రష్‌తో పూయండి. కచ్చితంగా మనిషి, కచ్చితంగా నేపథ్యం, ఇంకా తేలనిది అని మూడు ప్రాంతాలు ఏర్పడతాయి. జుట్టు కొసలను మూడో ప్రాంతంలోనే వదిలేయాలి. అక్కడ ఆల్ఫాను సాఫ్ట్‌వేర్ లెక్కిస్తుంది. ఎంపిక పూర్తయ్యాక లేయర్ మెనూలో ‘యాడ్ లేయర్ మాస్క్’ తీసుకొని, ‘సెలెక్షన్’ ఆధారంగా అని చెప్పండి. కింద ముదురు నీలం లేయర్ పెట్టి, 200 శాతం పెద్దది చేసి అంచంతా తిరిగి చూడండి. ఫోన్ తెర మీద చూసి సరిపెట్టుకోవద్దు. పని ఫైలును ఎక్స్‌సీఎఫ్‌గా దాచితే మాస్క్ మిగులుతుంది. జేపెగ్‌లో మాస్కూ ఉండదు, పారదర్శకతా ఉండదు. నేపథ్యం లేని బొమ్మ కావాలంటే పీఎన్‌జీ వాడాలి.

స్వయంచాలక సాధనాలు ఎక్కడ తడబడతాయో మన ఊళ్ళోనే చూడవచ్చు. ఫిషింగ్ హార్బర్‌లో వల విప్పుతున్న జాలరి ఫోటో తీసుకోండి: వల కన్నాల్లోంచి కనిపించే నీరు నేపథ్యమే, కాని సాధనం దాన్ని వలతో పాటు ఉంచేస్తుంది లేదా వలనంతా తీసేస్తుంది. ఓడరేవు క్రేన్ల కమ్మీల జాలీదీ అదే కథ. ఇనుప ఖనిజం గుట్ట ముందు, అదే ఎర్ర దుమ్ము పట్టిన బట్టలతో నిలబడ్డ కార్మికుడి విషయంలో చిక్కు వేరు. 2004లో వచ్చిన ‘గ్రాబ్‌కట్’ వంటి పద్ధతులు ప్రధానంగా రంగుల తేడాను నమ్ముకుంటాయి, అక్కడ తేడాయే లేదు. వస్తువుల ఆకారాన్ని నేర్చుకున్న నేటి సాధనాలు ఇటువంటి చోట మెరుగు. పొగకు మాత్రం అంచే లేదు. అది అంతటా ఆల్ఫాయే. (ఒక హెచ్చరిక: నౌకాదళ ప్రాంతాల్లో కెమెరా తీయకండి. ఓడరేవు, ఉక్కు కర్మాగారం లోపల అనుమతి తప్పనిసరి.)

9.6 ఎక్కడ చేయకూడదు?

షాపు ఫ్లెక్సీలో నీలం గోడ ఎవరినీ మోసగించదు. వార్తా ఛాయాచిత్రం అలా కాదు. 2006 ఆగస్టులో రాయిటర్స్ సంస్థ, బీరూట్ నగరంపై పొగను సాఫ్ట్‌వేర్‌తో పెంచిన ఒక ఫోటోను ఉపసంహరించుకొని, ఆ ఫోటోగ్రాఫర్ తీసిన 920 చిత్రాలను తన నిల్వ నుంచి తొలగించింది. పొగను పెంచడం ఎంత తప్పో, చిమ్నీ వెనుక పొగను మాస్క్‌తో మాయం చేయడమూ అంతే తప్పు. ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణకు వ్యతిరేకంగా కూర్మన్నపాలెంలో 2021లో మొదలైన దీక్షా శిబిరం ఫోటో నుంచి ఒక కార్మికుణ్ణి వేరుచేసి ఖాళీ రోడ్డు మీద నిలబెడితే, ముఖంలో ఒక్క పిక్సెల్ మారకపోయినా ఆ ఫోటో చెప్పే సంగతి మారిపోతుంది. ఎంతమంది కూర్చున్నారన్నది చెప్పేది నేపథ్యమే మరి.

అభ్యాసం: ఉదయపు వెలుగులో, తెల్లటి ఆకాశం ముందు మీ ఇంట్లోవారి ఫోటో ఒకటి తీయండి. జింప్‌లో మాస్క్ తయారుచేసి, మొదట తెల్లటి నేపథ్యం మీద, తరువాత ముదురు నీలం మీద ఉంచి చూడండి. ఏ నేపథ్యం మీద అంచు దోషం కనిపించడం లేదు? 9.4లోని లెక్కలో 60కి బదులు 220 వేసి కారణం రాయండి.