నలుగురూ కలిసి రాసేటప్పుడు



నలుగురు ఆడవాళ్ళం చేతులు కలిపితే మిద్దె నిండా వడియాలు గంటలో పెట్టేస్తాం. అదే నలుగురం ఒకే పుస్తకంలో రాయాలంటే మాత్రం చిక్కే. ఆ చిక్కులో పడి, ఒక పెద్దావిడ మనసు కష్టపెట్టి, ఆ తరవాత నేను నేర్చుకున్న విద్య ఒకటుంది. దాని పేరు గిట్. కంప్యూటర్ ప్రోగ్రాములు కలిసి రాసేవాళ్ళు వాడే సాధనం అది. పదో తరగతితో చదువాపిన ఈవిడకి ప్రోగ్రాములేమిటని నవ్వుకోకండి. ముందు నా కథ వినండి.

మా అపార్ట్‌మెంట్‌లో ఐదుగురం పచ్చళ్ళూ, పొడులూ చేసి అమ్ముతుంటాం. ధరలూ వివరాలూ చూపించే వెబ్ పేజీ ఒకటి ఉంటే బాగుంటుందనుకుని, మా అమ్మాయి దగ్గర హెచ్‌టిఎంఎల్ నేర్చుకున్నాం. పేజీలో ఏది శీర్షికో, ఏది పట్టికో కంప్యూటరుకి చెప్పే గుర్తుల భాష అది. సంఘం గదిలో ఉన్న కంప్యూటర్ దగ్గర వంతులవారీగా కూర్చునేవాళ్ళం. "ధరలు కొత్తది", "ధరలు చివరిది", "ధరలు నిజంగా చివరిది" అని ఫైళ్ళు పెరిగిపోయాయి. మీ ఇంట్లోనూ ఇలాంటివి ఉండే ఉంటాయి!

ఎదురింటి పిన్నిగారు ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, పన్నెండు రోజులు కూర్చుని తన పొడుల వివరాలన్నీ ఎక్కించారు. నేనేమో అంతకు ముందెప్పుడో పెన్ డ్రైవ్‌లో ఇంటికి తెచ్చుకున్న పాత ప్రతిలో రెండు ధరలు మార్చి, తీసుకెళ్ళి ఉన్న ఫైలు మీదే పెట్టేశాను. "పాతది తీసేసి ఇది పెట్టనా?" అని కంప్యూటర్ అడిగింది కూడా. చూడకుండా అవునని నొక్కాను. పిన్నిగారి భాగమంతా పోయింది. ఆవిడ "పోనీలే అమ్మా" అన్నారంతే. మర్నాటి నుంచి గదికి రావడం మానేశారు. నాలుగు తిట్టినా బాగుండేది సుమండీ.

అప్పుడు మా అమ్మాయి గిట్ గురించి చెప్పింది. దీన్ని 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండ్ ఆయన మొదలుపెట్టారు. లినక్స్‌ని సృష్టించింది కూడా ఆయనే. ప్రపంచం నలుమూలల నుంచీ ఎందరో కలిసి రాస్తున్న ప్రోగ్రాము అది. వాళ్ళు అంతవరకూ ఉచితంగా వాడుకుంటున్న సాధనం చేజారిపోయేసరికి, ఆయన తనే కొత్తది రాసుకున్నారు. అదీ ఉచితమే. కొందరు గిట్‌నీ, గిట్‌హబ్‌నీ ఒకటే అనుకుంటారు. గిట్ సాధనం. 2008లో వచ్చిన గిట్‌హబ్, గిట్‌తో చేసిన పనిని నలుగురికీ అందేలా దాచే చోటు. ఇలాంటి చోట్లు వేరేవీ ఉన్నాయి.

ఇంతకూ గిట్ చేసేదేమిటి? మనం చెప్పినప్పుడల్లా పని అంతటినీ ఉన్నదున్నట్టు దాచి, ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో పక్కనే రాసి పెడుతుంది. చిట్టీల పుస్తకంలో పాత పుట చింపకుండా కొత్త పుట రాసినట్టన్నమాట. ఒక ఫోల్డరులో "గిట్ ఇనిట్" అని ఒక్కసారి చెబితే ఆ పుస్తకం తెరుచుకుంటుంది. మార్చిన వాటిలో ఏవి దాచాలో "గిట్ యాడ్" అని ఏరి పెడతాం. పోపు వేసే ముందు దినుసులు పళ్ళెంలో సర్దుకోమూ, అలాగే. తరవాత "గిట్ కమిట్" అంటే అవి పుస్తకంలోకి ఎక్కుతాయి. "గిట్ లాగ్" అంటే జరిగిందంతా వరసగా చూపిస్తుంది. "గిట్ డిఫ్" అంటే ఏ పంక్తి మారిందో చూపిస్తుంది. ఈ ఆదేశాలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేయాలి. ఐదారు మాటలే, వారం రోజుల్లో చేతికి వస్తాయి.

కమిట్ చేసినప్పుడు ఒక చిన్న మాట రాయమంటుంది. "మార్పులు" అని రాసి ఊరుకోకండి. "నువ్వుల ధర పెరిగినందున నువ్వుల పొడి ధర మార్చాను" అని రాయండి. ఆరు నెలల తరవాత చదివేది మరెవరో కావచ్చు, అన్నీ మరిచిపోయిన మీరే కావచ్చు.

కొత్తగా ఏదైనా చేసి చూడాలనుకుంటే "బ్రాంచ్" తీసుకోవచ్చు. దోసెల పిండిలో కొంచెం వేరే గిన్నెలోకి తీసి, ఉల్లిపాయలు కలిపి చూస్తామే, అదన్నమాట. బాగుంటే "మెర్జ్" అని అసలు దానిలో కలుపుకుంటాం. బాగాలేకపోతే వదిలేస్తాం, అసలు పిండికి ఏమీ కాదు.

ఇక నన్ను కాపాడి ఉండే సంగతి వినండి. గిట్‌లో ప్రతివాళ్ళ దగ్గరా చరిత్ర మొత్తంతో సొంత ప్రతి ఉంటుంది. మన పనిని ఉమ్మడి చోటుకి పంపడం "పుష్", అక్కడి పనిని తెచ్చుకోవడం "పుల్". నా దగ్గర లేని పని ఎవరైనా ఈలోగా అక్కడ పెట్టి ఉంటే, నా పుష్‌ని గిట్ ఒప్పుకోదు. ముందు వాళ్ళది తెచ్చుకుని కలుపుకోమంటుంది. ఆ రోజు గిట్ ఉంటే నన్ను గుమ్మంలోనే ఆపేది! "ఫోర్స్" అని బలవంతాన పంపే మార్గమూ ఉంది. కొత్తవాళ్ళు దాని జోలికి పోకండి.

ఒకే పంక్తిని ఇద్దరు రెండు రకాలుగా మారిస్తే? అప్పుడు గిట్ తీర్పు చెప్పదు. దాన్ని "కాన్‌ఫ్లిక్ట్" అంటారు. ఫైలులో బాణాల్లాంటి గుర్తులు ఏడేసి పెట్టి, ఇది మీది, ఇది అవతలివాళ్ళది అని రెండూ చూపించి ఊరుకుంటుంది. మొదటిసారి చూసి హడలిపోయాను. కానీ అది తగాదా కాదు, ప్రశ్న. ఏది ఉంచాలో మనుషులు మాట్లాడుకుని, గుర్తులు తీసేసి, మళ్ళీ కమిట్ చేయాలి.

రెండు హెచ్చరికలు. కమిట్ చేయని పనిని గిట్ గుర్తు పెట్టుకోదు, అందుకని చిన్న పని పూర్తవగానే కమిట్ చేయండి. పాస్‌వర్డులూ, బ్యాంకు వివరాలూ అందులో ఎక్కించకండి. తరవాత చెరిపినా పాత పుటల్లో ఉండిపోతాయి.

పిన్నిగారి పని తిరిగి రాలేదు. వాళ్ళింటికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. ఆవిడ చెబుతుంటే నేనే మళ్ళీ టైపు చేశాను. నాలుగు రోజులు పట్టింది. తరవాత ఆవిడా గిట్ నేర్చుకున్నారు. మొన్న కరివేపాకు పొడి దగ్గర మా ఇద్దరికీ కాన్‌ఫ్లిక్ట్ వచ్చింది. పావుకిలోకి నేను 180 రూపాయలు రాశాను, ఆవిడ 200 రాశారు. కాఫీ తాగుతూ లెక్క వేసుకుంటే ఆవిడ చెప్పిందే సరైనదని తేలింది. కమిట్‌లో "పిన్నిగారి ధరే సరి" అని రాశాను. ఆవిడ చదివి నవ్వారు.

ఉంటాను మరి, సెలవు.