రాజు పేరు లేని కంచు నాణెములు

బైజాంటియ సామ్రాజ్యమున బంగారు నాణెము కోశాగారములకును, పెద్ద వర్తకులకును, సైనికుల జీతములకును అక్కఱకు వచ్చుచుండగా, అంగడిలో రొట్టెయు చేపయు కొనువారి చేతిలో అనుదినము మెలగినది ఫాలిస్ అను కంచు నాణెము. చిల్లరగా నలుసంత నుమ్మస్‌లు మాత్రమే చెలామణి యగుచుండిన దినములలో, 498వ సంవత్సరమున, అనస్టాసియస్ చక్రవర్తి 40 నుమ్మస్‌ల విలువగల ఈ నాణెమును ప్రవేశపెట్టి, గ్రీకు లెక్కలో ఆ సంఖ్యకు గుర్తైన ‘మ్యూ’ అక్షరమును దానిపై పెద్దదిగా వేయించెను. జస్టీనియన్ 538-39 నుండి తన యేలుబడి సంవత్సరమును కూడ దానిపై చెక్కించుటచే, నాటి నాణెము చేతికి దొరకినచో అది ఏ యేట పుట్టినదో నేటికిని చెప్పవచ్చును.

ఆ పిమ్మట నాణెము బరువు తగ్గెను. 9వ శతాబ్దిలో ఆ పెద్ద అక్షరమును మాయమయ్యెను. అయినను, నన్ను అన్నిటికన్న ఎక్కువగా ఆకర్షించునది 10వ శతాబ్ది ఉత్తరార్ధమున వచ్చిన మార్పు. నికెఫోరస్ ఫోకస్‌ను హత్యచేసి 969లో సింహాసనమెక్కిన జాన్ త్సిమిస్కీస్, తన రూపమునుగాని పేరునుగాని వేయింపక, ఒకవైపు క్రీస్తు బింబమును, రెండవవైపు యేసు క్రీస్తు రాజులకు రాజని తెలుపు వాక్యమును ముద్రింపించెనని స్కిలిట్జీస్ అను చరిత్రకారుడు వ్రాసియున్నాడు. రక్తపు మరకతో కిరీటము ధరించినవాడు సామాన్యుని చేతిలోని నాణెమునుండి తన్ను తాను తొలగించుకొనుట గొప్ప రాజనీతి యని నా అభిప్రాయము. తరువాతి చక్రవర్తులలో పలువురు ఆ త్రోవనే నడచుటచే, శతాబ్దికి పైగా ఇట్టి నాణెములు వెలువడినవి. ఆ కాలమున ఒక బంగారు నాణెమునకు 288 ఫాలిస్‌లు సరిపోయెడివి.

పేరు లేని నాణెములలో ఏది ముందు, ఏది వెనుక? ఈ చిక్కును విప్పినది టంకశాలల పొదుపు. పనివారు పాత నాణెమును కరగింపక, పలుమార్లు దానిపైననే కొత్త ముద్రను బలముగా కొట్టుటచే, అడుగు ముద్రలోని ఒక ప్రభామండలపు అంచో, ఒక అక్షరపు తునకయో పైముద్ర సందులనుండి తొంగిచూచును. అడుగుననున్నది పూర్వము, పైనున్నది పరము. ఇట్టి సాక్ష్యములను ఆధారము చేసికొని పండితులు ఈ నాణెములను వర్గములుగా విభజించి, వరుస నిర్ణయించిరి. వారిలో, ఏథెన్సు అగోరా త్రవ్వకములలో దొరకిన నాణెములను పరిశోధించి 1954లో గ్రంథము ప్రకటించిన మార్గరెట్ థామ్సన్ కృషి మిక్కిలి విలువైనది.

1092లో అలెక్సియస్ కొమ్నీనస్ నాణెముల వ్యవస్థనంతయు సంస్కరించినప్పుడు ఫాలిస్ ముద్రణ ఆగిపోయి, టెటార్టెరాన్ అను చిన్న రాగి నాణెము దాని స్థానమున వాడుకలోనికి వచ్చెను.