పోలో పుట్టినచోట బేస్‌బాల్ వేళ్ళూనింది

మణిపూర్ ప్రపంచానికి ఇచ్చిన ఆట పోలో. మణిపూర్ ప్రపంచం నుంచి పుచ్చుకున్న ఆట బేస్‌బాల్. మొదటిది రాజుల ఆదరణలో పెరిగి, దొరల వెంట ఖండాంతరాలకు వెళ్ళింది. రెండవది యుద్ధకాలంలో వచ్చి, జీతమూ బహుమతీ ఆశించకుండా ఆడుకునే సామాన్య స్త్రీ పురుషుల ఆటగా ఇంఫాల్ లోయలో నిలిచిపోయింది. క్రికెట్ తప్ప మరో ఆట ఊసెత్తని దేశంలో ఇది వింతగానే తోస్తుంది.

1944 మార్చిలో జపాన్ సేనలు బర్మా వైపు నుంచి చొచ్చుకువచ్చి ఇంఫాల్‌ను చుట్టుముట్టాయి. కోహిమాకు వెళ్ళే రహదారి తెగిపోయింది. జూన్ 22న ఆ దారి తిరిగి తెరుచుకునే వరకు లోయలోని సైన్యానికి ఆహారం, మందుగుండు ఆకాశమార్గానే చేరాయి. ఆనాడు లోయలో విమానాలు దిగే స్థావరాలు ఆరు ఉండేవి. సరకులు మోసిన విమానాలలో అమెరికన్లవీ ఉన్నాయి. తీరిక దొరికినప్పుడు అమెరికన్ వైమానికులు బేస్‌బాల్ ఆడేవారనీ, చూసినవారు దానిని నేర్చుకున్నారనీ మణిపూర్‌లో చెప్పుకుంటారు. ముట్టడించిన జపాన్‌కు సైతం బేస్‌బాల్ అంటే ప్రాణమే కావడం విచిత్రం. శత్రువుల భాష అనే కోపంతో 1943లో జపాన్ ఆ ఆటలోని ఇంగ్లీషు మాటలను తొలగించి, సొంత మాటలు పెట్టుకుని మరీ ఆడింది.

యుద్ధం ముగిసింది, విమానాలు వెళ్ళిపోయాయి. దేశంలో బేస్‌బాల్‌కు అమెచ్యూర్ సమాఖ్య ఏర్పడింది 1983లో. ఆ తరువాత జాతీయ పోటీలలో మణిపూర్ జట్లు కూడా పాల్గొంటూ వచ్చాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం 30 లక్షల మంది కూడా లేని ఈ రాష్ట్రం నుంచే బాక్సింగ్‌లో డింకో సింగ్, మేరీ కోమ్, బరువులెత్తడంలో కుంజరాణి దేవి, మీరాబాయి చాను వచ్చారు. 1999లో జాతీయ క్రీడలు ఇంఫాల్‌లోనే జరిగాయి. హిందీ చిత్రాల ప్రదర్శనపై 2000లో ఒక తీవ్రవాద సంస్థ నిషేధం విధించాక అక్కడి సినిమా హాళ్ళు కళ తప్పాయి. సాయంకాలం గడిపేందుకు మిగిలినవాటిలో మైదానం ముఖ్యమైనది.

అయితే బేస్‌బాల్ పేదవారికి సులువుగా అబ్బే ఆట కాదు. బంతి ఒక్కటుంటే ఫుట్‌బాల్ ఆడుకోవచ్చు. బేస్‌బాల్‌లో బంతిని ఆపే జట్టులోని తొమ్మిదిమందికీ తోలు గ్లవ్ కావాలి. బంతి విసిరేవాడికీ, కొట్టేవాడికీ మధ్య దూరం సుమారు 18 మీటర్లు. దాదాపు 145 గ్రాముల గట్టి బంతి నేలను తాకకుండా నేరుగా దూసుకువస్తుంది. కనుక బ్యాటర్ వెనుక కూర్చునే క్యాచర్‌కు ముఖకవచం, ఛాతీకవచం తప్పనిసరి. ఇక మైదానం సంగతి. నాలుగు బేస్‌ల నడుమ 27 మీటర్ల చొప్పున దూరం ఉండే చదరమూ, బంతి విసిరేవాడు నిలబడేందుకు పది అంగుళాల ఎత్తు దిబ్బా ఉండాలి. ఫుట్‌బాల్ మైదానంలో ఆ దిబ్బ పోయనివ్వరు. అరువు తెచ్చుకున్న మైదానంలో, చాలీచాలని సామగ్రితోనే అక్కడ ఆట సాగింది.

అమెరికా నుంచి సాయం

ఈ సంగతి న్యూయార్క్ చేరడంతో ‘ఫస్ట్ పిచ్’ అనే స్వచ్ఛంద ప్రయత్నం మొదలైంది. స్పాల్డింగ్ కంపెనీ సామగ్రి విరాళంగా ఇచ్చింది. అమెరికాలోని మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ 2006లో శిక్షకులను ఇంఫాల్‌కు పంపింది. ఆటగాళ్ళకు మెలకువలు నేర్పడంతోపాటు స్థానిక శిక్షకులను తయారుచేయడం, ఇంఫాల్‌లో బేస్‌బాల్‌కు ప్రత్యేక మైదానం సమకూర్చడం ఆ ప్రయత్నపు లక్ష్యాలు. మీరా బ్యాంక్ అనే అమెరికన్ దర్శకురాలు ఈ కథను ‘ది ఓన్లీ రియల్ గేమ్’ పేరిట డాక్యుమెంటరీగా తీయగా, అది 2013లో విడుదలైంది.

ఆ చిత్రంలో మహిళలకు ప్రముఖ స్థానం దక్కింది. అమెరికాలో స్త్రీలను సాఫ్ట్‌బాల్‌కు మళ్ళించడం ఆనవాయితీ కాగా, మణిపూర్ స్త్రీలు బేస్‌బాల్‌నే ఎంచుకున్నారు. దుకాణదారులంతా మహిళలే అయిన ‘ఇమా కైథెల్’ అంగడి ఉన్న ఊరు ఇంఫాల్. 1904, 1939 సంవత్సరాలలో పాలకులపై తిరగబడిన చరిత్రా అక్కడి స్త్రీలకు ఉంది. వారు బ్యాట్ పట్టుకోవడంలో ఆశ్చర్యపడవలసింది బహుశా మనమే, వారు కాదు.

అడుగడుగునా ఆటంకాలు

సాయుధ బలగాల ప్రత్యేకాధికారాల చట్టం 1980లో మణిపూర్ అంతటా అమలులోకి వచ్చింది. 2004లో ఇంఫాల్ నగర ప్రాంతాన్ని దాని నుంచి మినహాయించినా కర్ఫ్యూలు, బంద్‌లు తప్పలేదు. కొత్త జిల్లా వివాదంపై 2011 ఆగస్టులో మొదలైన రహదారుల దిగ్బంధం వంద రోజులు దాటింది. పెట్రోలు, వంటగ్యాస్ ధరలు ఆకాశాన్నంటాయి. గ్యాస్ సిలిండర్ కోసం తెల్లవారుజామునే వరుసలో నిలబడినవారికి సాయంత్రం సాధన చేసే ఓపిక ఎక్కడిది? విదేశీయులు మణిపూర్‌లో అడుగు పెట్టాలంటే ప్రత్యేక అనుమతి కావలసి ఉండేది. 2011లో సడలించే వరకు, శిక్షకుడిని రప్పించాలన్నా ఢిల్లీ ఫైళ్ళు కదలవలసిందే.

2023 మే 3న మెయితీలకూ కుకీలకూ మధ్య చెలరేగిన ఘర్షణలు వీటన్నిటినీ మించిపోయాయి. 200 మందికి పైగా మరణించారు. సుమారు 60 వేల మంది ఇళ్ళు వదిలారు. లోయవారు కొండలకూ, కొండవారు లోయకూ పోలేని స్థితి ఏర్పడింది. 2025 ఫిబ్రవరి 13న రాష్ట్రపతి పాలన విధించారు.

కాగా, ఒలింపిక్స్‌లో 1992 నుంచి 2008 వరకు ఆడించి తీసివేసిన బేస్‌బాల్ టోక్యోలో ఒకసారి తిరిగివచ్చింది. 2028 లాస్ ఏంజిలిస్ క్రీడలలోనూ దానికి చోటిచ్చారు. ఆ నిర్ణయం వెలువడింది 2023 అక్టోబరులో. అప్పటికి మణిపూర్‌లో ఘర్షణలు మొదలై ఐదు నెలలు దాటింది. విదేశీయుల రాకపై సడలించిన అనుమతి నిబంధనను కేంద్రం 2024 డిసెంబరులో మణిపూర్‌లో తిరిగి అమలులోకి తెచ్చింది.